ఈలం వార్తల్లో పంచములెక్కడ?

1983 జులై నుంచి 2009 మే దాకా శ్రీలంక యుద్ధం గురించి మన పత్రికల్లో వార్తలొస్తూనే ఉన్నాయి. అవన్నీ చదివినోడికి చివరికి గుర్తుండేవి రెండే పేర్లు: సింహళీయులు, తమిళులు. ఒకవైపు ప్రభుత్వం, ఇంకోవైపు పులులు, మధ్యలో రాయబారులు. వాడ నుంచి యూనివర్సిటీ దాకా వచ్చిన మాలాంటోళ్ళం ఏ వార్త చదివినా ముందు ఒకటి అడుగుతాం. 'తమిళులు' అంటే ఏ తమిళులు? ఈ ప్రశ్నకు ఆ వార్తల్లో చోటు దొరకలేదు. ఎందుకు దొరకలేదో, దానివల్ల ఎవరికి లాభమైందో చూడాలి.

జాఫ్నాలో భూమి, గుడి, బడి, కోర్టు అన్నీ వెల్లాలర్ల చేతుల్లో ఉండేవి. వాళ్ళ కింద పంచములు: బట్టలుతికే వన్నార్లు, క్షవరం చేసే అంబట్టర్లు, కల్లు గీసే నలవర్లు, పొలాల్లో చాకిరీ చేసే పళ్ళర్లు, డప్పు కొట్టే పరైయర్లు. బావి ముట్టుకోనివ్వలేదు, టీ కొట్లో గ్లాసు ఇవ్వలేదు, గుళ్ళోకి రానివ్వలేదు. 1957లో అంటరానితనానికి వ్యతిరేకంగా చట్టమొచ్చింది. చట్టం కాగితం మీదే ఉంటే 1966 నుంచి జనం వీధుల్లోకొచ్చారు. 1968లో మావిట్టపురం గుడి ముందు సత్యాగ్రహం చేశారు. అక్కడ పంచముల్ని అడ్డుకున్నోళ్ళకు నాయకుడెవరు? సుందరలింగం. లెక్కల ప్రొఫెసరు, మాజీ మంత్రి. ప్రత్యేక తమిళ రాజ్యం కావాలని మొట్టమొదట గొంతెత్తిన వాళ్ళలో ఒకడు. రాజ్యం అందరికీ కావాలి గానీ గుడి మాత్రం కొందరికే! ఈలం చరిత్రకు ఇది కూడా ఒక మొదలే. డేనియల్ 'పంచమర్' నవల ఈ పోరాటాల నేపథ్యంలోంచి వచ్చిందే. అయినా యుద్ధం నేపథ్యం రాసే విలేకరులు 1956 సింహళ భాషా చట్టంతో మొదలుపెడతారు, 1981లో తగలబడ్డ జాఫ్నా లైబ్రరీ మీదుగా 1983 ఊచకోతకు వస్తారు. అవి రాయాల్సినవే. కానీ మావిట్టపురం దారిలో ఎక్కడా తగలదు.

రెండో సంగతి తోటల కూలీలది. తేయాకు, కాఫీ తోటల కోసం తెల్లదొరలు తమిళ జిల్లాల నుంచి తోలుకెళ్ళిన వాళ్ళలో ఎక్కువమంది పరైయర్లు, పళ్ళర్లు, చక్కిలియర్లు. (తమిళనాడులో చక్కిలియర్లు చాలామంది ఇళ్ళల్లో తెలుగే మాట్లాడతారు. అందుకని ఇది మనకేమీ దూరపు కథ కాదు.) 1948 పౌరసత్వ చట్టం సుమారు 7 లక్షల మందిని ఏ దేశానికీ చెందనోళ్ళుగా చేసింది. అదే ఏడాది జాఫ్నా తమిళ నాయకుడు పొన్నంబలం సేనానాయకే ప్రభుత్వంలో మంత్రిగా చేరాడు. దాన్ని కాదని చెల్వనాయకం చీలిపోయి 1949లో ఫెడరల్ పార్టీ పెట్టాడు. నిజమే, నిలబడినోళ్ళూ ఉన్నారు. కానీ 'తమిళ జాతి' అనేది అప్పుడే ఒక్క ముక్కగా లేదని దీన్నిబట్టే తెలుస్తుంది కదా?

ఇక పరాయి ప్రభుత్వాల సంగతి. 1964లో శాస్త్రి, సిరిమావో కూర్చుని 9 లక్షల 75 వేల మందిని పశువుల్ని పంచుకున్నట్టు పంచుకున్నారు. 5 లక్షల 25 వేలు మీకు, 3 లక్షలు మాకు, మిగిలిన లక్షా 50 వేల సంగతి తర్వాత చూద్దామన్నారు. 1974లో ఆ మిగిలినోళ్ళను చెరిసగం చేసుకున్నారు. ఎటు పోతారని కూలీలను అడిగిన నాథుడు లేడు. 1983 తర్వాత మన ప్రభుత్వమే తమిళ యువకులకు తుపాకీ శిక్షణ ఇచ్చింది. 1987 జులైలో శాంతి ఒప్పందం చేసింది. దానికి జతచేసిన ఉత్తరాల్లో ఏముంది? ట్రింకోమలీ రేవు భారత్‌కు హాని కలిగేట్టు ఎవరి సైన్యానికీ ఇవ్వకూడదు, అక్కడి చమురు ట్యాంకుల్ని రెండు దేశాలూ కలిసి బాగుచేసుకోవాలి, విదేశీ రేడియోల కేంద్రాలను సైనిక, గూఢచారి పనులకు వాడకూడదు. రేవు ఉంది, చమురు ఉంది, రేడియో ఉంది. కులం అనే మాట లేదు. తర్వాత వెళ్ళిన సైన్యంలో వెయ్యిమందికి పైగా జవాన్లు చనిపోయారు. చివరి యుద్ధానికి చైనా, పాకిస్తాన్, ఇజ్రాయెల్ ఆయుధాలమ్మాయి. 2017లో హంబన్‌తోట రేవు 99 ఏళ్ళ లీజుకు చైనా కంపెనీకి పోయింది. 2022 జనవరిలో మళ్ళీ అవే ట్రింకోమలీ ట్యాంకుల మీద భారత్‌తో ఒప్పందమైంది.

పరాయి ప్రభుత్వానికి బేరమాడటానికి ఒక పక్షానికి ఒక్కడే ప్రతినిధి కావాలి. పత్రికలకు కూడా హెడ్డింగు పెట్టడానికి ఒక్క పేరే కావాలి. ఈ రెండు అవసరాలూ సరిగ్గా కలిశాయి. మన పత్రికలకు వార్తలొచ్చేది కొలంబో, ఢిల్లీ నుంచి, ఏజెన్సీల ద్వారా. తోటల లైన్ల నుంచి ఎవరూ వార్తలు పంపరు. 2002 ఏప్రిల్‌లో కిళినొచ్చిలో ప్రభాకరన్ ప్రెస్ మీట్ పెడితే వందల మంది విలేకరులు పరిగెత్తారు. 1990 అక్టోబరులో అవే పులులు ఉత్తర ప్రాంతం నుంచి 70 వేల మంది ముస్లింలను కట్టుబట్టలతో వెళ్ళగొట్టినప్పుడు ఆ సందడి లేదు. వాళ్ళు మాట్లాడేదీ తమిళమే.

విలేకరులందరినీ ఒకే గాటన కట్టడం నా ఉద్దేశం కాదు. 2000లో నిమలరాజన్, 2005లో శివరాం, 2009లో లసంత విక్రమతుంగె రాసినందుకే చంపబడ్డారు. చివరి నెలల్లో ప్రభుత్వం స్వతంత్ర విలేకరులను యుద్ధ ప్రాంతంలోకే రానివ్వలేదు. అప్పుడు 40 వేల మంది దాకా పౌరులు చనిపోయి ఉండొచ్చని 2011లో ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం చెప్పింది. ఆ వన్నిలో చిక్కుకున్నోళ్ళెవరు? డబ్బున్నోళ్ళు టొరంటో, లండన్ చేరారు. 1977 దాడుల్లో తోటలు వదిలి వన్నిలో బతకడానికొచ్చిన కూలీ కుటుంబాలు అక్కడే ఉండిపోయాయి. జాఫ్నాలో యుద్ధం అయిపోయాక కూడా ఏళ్ళ తరబడి శిబిరాల్లో మిగిలింది ఎక్కువగా భూమిలేని కింది కులాలోళ్ళే. మృతుల సంఖ్య చెప్పిన వార్త ఈ సంగతి చెప్పదు.

మనోళ్ళే ఒక ప్రశ్న వేస్తారు. కులం సంగతెత్తితే సింహళ ప్రభుత్వానికి ఉపయోగపడదా? జాతి విముక్తి పోరాటం బలహీనపడదా? రౌండ్ టేబుల్ సమావేశాల కాలంలో అంబేద్కర్‌ను కూడా ఇదే అడిగారు, తెల్లోళ్ళ మనిషన్నారు. పులులు అంటరానితనాన్ని బహిరంగంగా పాటించనివ్వలేదన్నది నిజం. దాని గురించి బహిరంగంగా మాట్లాడనివ్వలేదన్నదీ నిజమే. మూసిపెట్టినంత మాత్రాన కులం పోదు. సింహళ రాజ్యం చేసిన హత్యాకాండను ఖండించడానికి పంచముల నోరు నొక్కాల్సిన అవసరం లేదు. ఆ హత్యాకాండలో చచ్చింది వాళ్ళు కూడా.

విడిపోయే హక్కు ఏ జాతికైనా ఉందని వాదించేటప్పుడు మన విద్యార్థులు, కార్యకర్తలు మూడు విషయాలు అడగాలి. ఈ జాతి తరఫున మాట్లాడేది ఏ కులం? సంతకం పెట్టే పరాయి ప్రభుత్వానికి అక్కడ ఏ రేవు, ఏ చమురు కావాలి? ఈ వార్త ఎవరిని అడిగి రాశారు? తోటల కూలీలు 2021 దాకా రోజుకు వెయ్యి లంక రూపాయల కూలీ కోసం కొట్లాడాల్సొచ్చింది. యుద్ధం గెలిచిన రాజ్యం గానీ, ఒప్పందాలు రాసిన దేశాలు గానీ దాన్ని తమ సమస్య అనుకోలేదు. అది కనబడే చోట నుంచి మన చదువు మొదలవ్వాలి.