ఉప్పుకాగితం పనికిరాని చోట

మా నాన్న చేతక్‌కి ఆదివారమంటే తలంటే. పొద్దున్నే వరండాలో పాత పేపరు పరిచి, కుడివైపు డొప్ప ఊడదీసి, పానాతో ప్లగ్గు విప్పేవాడు. అది కాటుకలో ముంచి తీసినట్టు ఉండేది. ఉప్పుకాగితంతో రుద్ది, పెట్రోల్లో కడిగి, ఊది, మొనల మధ్య విరిగిన హ్యాక్సా బ్లేడు ముక్క దూర్చి చూసేవాడు. బ్లేడు మందం అర మిల్లీమీటరు పైచిలుకు. ప్లగ్గుకి కావలసిన సందూ దాదాపు అంతే. ఆ ముక్క మా ఇంట్లో దేవుడి పటం పక్కన మేకుకి వేలాడేది.

ఆ బండికి అంత సేవా అవసరమే. టూ స్ట్రోక్ ఇంజన్లో ఆయిలు కూడా పెట్రోలుతో పాటే కాలుతుంది. లీటరుకి 20 మిల్లీలీటర్ల 2టీ ఆయిలు చాలన్నా, బంకులో కుర్రాడి చెయ్యి కాస్త బరువైందంటే వెనక పొగ, లోపల మసి. ప్లగ్గు మీదా సైలెన్సర్లోనూ పేరుకున్న ఆ మసిని గోకడమే సర్వీసింగ్. నేను నేర్చుకున్న విద్య అదొక్కటే. దాన్ని అలాగే తీసుకెళ్లి మా 125 యాక్టివా మీద ప్రయోగించాను.

మొదట బలైంది ఎయిర్ ఫిల్టరు. మూత స్క్రూలు విప్పితే లోపల కాగితం మడతలు జిడ్డోడుతున్నాయి. ఛీ, ఇంత మురికా అనుకుని పెట్రోల్లో శుభ్రంగా జాడించి ఎండలో ఆరేశాను. బండితో ఇచ్చిన పుస్తకం ఆ తర్వాత తీశాను (ముందు తియ్యాలని ఎవరికి తోస్తుంది?). ఆ జిడ్డు మురికి కాదట. తయారీలోనే పట్టించిన నూనె. లోపలికొచ్చే దుమ్ము ఆ జిగురుకే అంటుకోవాలి. అందుకని దాన్ని కడగకూడదు, గాలి కొట్టకూడదు. గడువు తీరాక పారేసి కొత్తది వెయ్యడమే. మా సెంటర్లో షెడ్ల దగ్గర మాత్రం కుర్రాళ్లు కంప్రెసర్ గొట్టంతో ఇలాంటి ఫిల్టర్లని ఊదుతూనే ఉంటారు. దుమ్ము లేస్తుంది, పని జరిగినట్టు కనిపిస్తుంది, బండాయన తృప్తిగా డబ్బులిస్తాడు.

రెండోసారి ఆయిలు మార్చబోయాను. ఇంజన్ కాస్త వేడెక్కించి, కింద పళ్లెం పెట్టి, బోల్టు విప్పి, పాత ఆయిలు దించి, కొత్త 10డబ్ల్యూ30 పొయ్యడం పెద్ద పనేం కాదు. చిక్కంతా బోల్టు బిగించడంలో ఉంది. కారుతుందేమోనన్న భయంతో బలమంతా పెట్టి ఇంకొక్క తిప్పు తిప్పాను. బోల్టు కిర్రుమని, ఆ తర్వాత హాయిగా తిరగడం మొదలెట్టింది. అల్యూమినియం మరలు కొట్టుకుపోయాయి. బండి ట్రాలీ ఆటో ఎక్కి ఆటోనగర్ వెళ్లింది. మేస్త్రి వేలు పెట్టి చూసి, "వాషరెందుకుంది సార్ మరి? బోల్టు కూర్చున్నాక చిన్న పట్టు చాలు" అన్నాడు. కొత్త మరలు వేయించుకోడానికైన డబ్బుతో నాలుగు సర్వీసింగులు అయ్యేవి.

ఆయిలు కొలిచే పుల్ల దగ్గరా ఇలాంటి తిరకాసే. సెంటర్ స్టాండు వేసి, ఇంజన్ ఆపిన రెండు మూడు నిమిషాలకి పుల్ల తుడిచి, మర తిప్పకుండా ఊరికే ఆనించి తియ్యాలి. బిగిస్తే పుల్ల ఇంకా కిందికి దిగి, లేని ఆయిలు ఉన్నట్టు చూపిస్తుంది. ఎన్నాళ్లు బిగించి చూశానో.

ఇప్పుడు నా ఆదివారం సేవ పావుగంటలో అయిపోతుంది. పుల్ల చూస్తాను, వెనక బ్రేకు లూజైతే నట్టు అర తిప్పు బిగిస్తాను, టైర్లలో గుచ్చుకున్న మేకులేమైనా ఉన్నాయేమో తడుముతాను. ఆయిలు మార్చిన రోజున పాతది కాలవలో పొయ్యకుండా డబ్బాలో పట్టి షెడ్డులో ఇచ్చేస్తాను. మిగతావేవీ ముట్టుకోను. చేతులు మాత్రం దురద పెడతాయి.

మొన్నొక పొద్దున మా అమ్మాయి, "నాన్నా, సెల్ఫ్ పని చెయ్యట్లేదు" అంది. నేను సంతోషంగా పానా కోసం లోపలికి పరిగెత్తాను. నాన్న కుర్చీలోంచి లేచాడు. "ఆగరా, వంచి చూశారా?" చేతక్‌ని చలికాలం పొద్దుల్లో అలాగే పక్కకి వంచేవాడు, కార్బురేటర్లోకి నాలుగు చుక్కలు ఎక్కువ దిగుతాయని. ఈ బండికి కార్బురేటరే లేదని చెప్పబోయాను. వినకుండా సైడ్ స్టాండుని కాలితో పైకి తన్ని, హ్యాండిల్ పట్టుకుని, బండిని ఓ పక్కకి వంచి నిలబెట్టాడు.

"ఇప్పుడు నొక్కమ్మా."

టక్కున స్టార్టయింది. సైడ్ స్టాండు దించి ఉంటే ఈ బండి స్టార్ట్ కాదన్న సంగతి నాకూ మా అమ్మాయికీ ఒకేసారి గుర్తొచ్చింది. ఇద్దరం నోరు మెదపలేదు. నాన్న చేతులు దులుపుకుని, కాఫీ పెట్టమని లోపలికి కేకేశాడు.