కడ్డీల మధ్య సందు

ఆటస్థలాలను తనిఖీ చేసేవాళ్ళ సంచిలో రెండు అచ్చులుంటాయి. ఒకటి చిన్న దిమ్మ, ఎత్తు 89 మి.మీ., వెడల్పు 157 మి.మీ. రెండోది గుండ్రటి బిళ్ళ, వ్యాసం దాదాపు 230 మి.మీ. నిచ్చెన మెట్ల నడుమ, రెయిలింగు కడ్డీల నడుమ ఎక్కడ సందు కనబడినా ముందు దిమ్మను దూర్చి చూస్తారు. దూరకపోతే భయం లేదు. దూరిందా, వెంటనే బిళ్ళను పెడతారు. అది కూడా తడబడకుండా దాటిపోవాలి. దిమ్మ వెళ్ళి బిళ్ళ ఆగితే ఆ సందును మార్చాల్సిందే.

పిల్లలు సందుల్లోకి చాలాసార్లు కాళ్ళు ముందు పెట్టి జారతారు. పసివయసులో మొండెం పట్టిన చోట తల పట్టదు. ఒళ్ళు జారిపోయి తల ఇరుక్కుంటే బరువంతా మెడ మీద పడుతుంది. అందుకే దిమ్మను అక్కడ ఆడే పిల్లల్లో అతి చిన్న మొండానికీ, బిళ్ళను అతి పెద్ద తలకూ సరిపోయేలా తీర్చారు. ఆ రెండు కొసలనూ పట్టుకుంటే మధ్యలోని పిల్లలందరికీ రక్షణ దొరుకుతుంది. ఎంత చక్కటి ఆలోచన!

ఉయ్యాలలోనూ ఇలాంటి శ్రద్ధే ఉంటుంది. గొలుసులను పైన కాస్త ఎడంగా, కింద బల్ల వద్ద దగ్గరగా కడతారు. దాంతో ఉయ్యాల పక్కలకు ఊగి స్తంభానికి కొట్టుకోవడం తగ్గుతుంది. గొలుసును పట్టే కొక్కెం నోరు ఒక మిల్లీమీటరుకు మించి తెరుచుకుని ఉండకూడదు, లేకపోతే బట్టలు చిక్కుకుంటాయి. ఒక్కో చట్రానికి రెండు ఉయ్యాలలే. మూడోది వేలాడదీస్తే నడిమి ఉయ్యాల కోసం పిల్లలు ఊగే దారికి అడ్డం రావాల్సి వస్తుంది.

ఇక నేల. లోపల త్వరణాన్ని కొలిచే పరికరం అమర్చిన లోహపు అర్ధగోళాన్ని, పిల్ల పడగల ఎత్తు నుంచి నేల మీదికి వదులుతారు. దెబ్బ గురుత్వానికి 200 రెట్లు దాటకూడదు. కుదుపు ఎంతసేపు సాగిందో కూడా కలిపి లెక్కగట్టే సూచిక ఒకటుంది, అది 1000 దాటకూడదు. అమెరికా వినియోగదారుల భద్రతా సంస్థ 1981 నుంచి వెలువరిస్తున్న మార్గదర్శకాల ప్రకారం 9 అంగుళాల ఇసుక 4 అడుగుల ఎత్తు నుంచి పడ్డవాళ్ళనే కాస్తుంది. మన పార్కుల్లో ఉయ్యాల కింద సిమెంటు గచ్చు కనబడినప్పుడల్లా ఆ నాలుగడుగుల అంకె తలచుకుని నా గుండె ఝల్లుమంటుంది.

ఇసుక పోసినంత మాత్రాన పని తీరదు. తొక్కిడికి అణిగిపోతుంది. జారుడుబల్ల చివర, ఉయ్యాల కింద పిల్లల కాళ్ళు దాన్ని పక్కకు తోసేస్తాయి. అందుకని ముందే ఎక్కువ పోసి, ఉండాల్సిన మట్టం తెలిసేలా స్తంభం మీద గీత పెడతారు. ఇసుక గీత కన్నా దిగిందంటే పార అందుకోవాల్సిందే.