మోకు చెప్పిన సంగతి

గుండుగొలను పేరులోనే కొలను ఉంది. ఊరికి దక్షిణంగా కాస్త దూరం వెళితే కొల్లేరు నేల మొదలవుతుంది. హైవే మీద లారీలు ఏలూరు నుంచి వచ్చి తాడేపల్లిగూడెం వైపో, దేవరపల్లి మీదుగా కొవ్వూరు వైపో ఇక్కడే చీలిపోతాయి. ఆ రొద దాటి చేలలోకి దిగితే గట్ల మీద తాడిచెట్లు. పొద్దువాలే వేళ ఒక చెట్టు నడిమిన మనిషి కనిపిస్తాడు. వెనక్కి వాలి, రెండు చేతులతో మోకు పైకి విసిరి, కాళ్ళు దగ్గరికి లాక్కుని, మళ్ళీ విసురుతూ పోతాడు. చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. ఆ ఎక్కడంలో ఎంత చదువుందో నాకు తెలిసింది మాత్రం ఈమధ్యే, చెట్టు మీద నుంచి పడి ఇప్పుడు మంచం మీద ఉంటున్న ఒక బాబాయ్ వల్ల.

ఆయనకు ఫోనులో ఒక డాక్యుమెంటరీ చూపించాను. పేరు ‘డూయింగ్ ఇట్ స్కేర్డ్’. 2016లో కేథరిన్ పెట్మన్ తీశారు. పాల్ ప్రిచర్డ్ అనే బ్రిటిష్ క్లైంబర్ కథ అది. ఆస్ట్రేలియా దక్షిణాన టాస్మేనియాలో సముద్రంలోంచి స్తంభంలా లేచిన సన్నటి రాయి ఒకటి ఉంది, పేరు టోటెమ్ పోల్. 1998 ఫిబ్రవరిలో దాన్ని ఎక్కబోతుండగా తాడు ఒరిసి కదిలిన రాయి ఆయన తల మీద పడింది. ప్రాణం దక్కింది కానీ కుడి పక్క చచ్చుబడింది, మాట తడబడింది. పద్దెనిమిదేళ్ళ తరువాత మళ్ళీ అక్కడికే వెళ్ళి, పనిచేసే ఒక్క చేత్తో దాన్ని ఎక్కాడు.

బాబాయ్‌కి ఇంగ్లీషు రాదు. చూస్తున్నంతసేపూ ఆయన కళ్ళు మనిషి మీద కాదు, తాడు మీద ఉన్నాయి. రాయి పడిన సంగతి చెప్పగానే తల పంకించి, “తాడు ఎక్కడ ఒరుసుకుంటందో చూసుకోవాలి రా అబ్బాయ్. చెట్టైనా అంతే, కొండైనా అంతే” అన్నాడు.

అప్పుడు అడిగాను, అసలు చెట్టు ఎలా ఎక్కుతారు బాబాయ్ అని. గోడకు తగిలించిన పాత మోకు దింపమన్నాడు. నడుముకు వెనకగా పట్టీ, అక్కడి నుంచి చెట్టును చుట్టి వచ్చే తాడు. పాదాలు రెండూ విడిపోకుండా కాలి బందం. ఇంతే సరంజామా. కొత్తగా ఎక్కేవాడికి భయం వేస్తుంది, భయం వేస్తే చెట్టును కౌగిలించుకుంటాడు. ప్రమాదమంతా అందులోనే ఉంది. మనిషి చెట్టుకు దగ్గరయితే మోకు వదులవుతుంది, వదులైతే జారుతుంది. వెనక్కి వాలితే ఒంటి బరువు మోకును బిగదీస్తుంది, అది మాను వెనక భాగాన్ని గట్టిగా కరుచుకుంటుంది. ఇటు పాదాలు మానును ముందుకు నెడతాయి. ఆ లాగుడూ ఈ నెట్టుడూ ఒకదాన్నొకటి పట్టి నిలబెడతాయి. ఒళ్ళంతా “పట్టుకో” అని అరుస్తున్నప్పుడు వెనక్కి వాలడం నేర్చుకోవాలి. “దానికి నీ బరువు అప్పజెప్పాలి” అన్నాడు బాబాయ్. ఎవరెస్టు ఎక్కేవాళ్ళకు తాళ్ళ పాఠాల్లో మొదట నేర్పేదీ ఇంచుమించు ఇదే, తాడును నమ్మి వాలడం. భువనగిరి రాతికొండ మీద ఆ పాఠాలు నేర్చుకున్న మాలావత్ పూర్ణ 2014 మే 25న, పదమూడేళ్ళ పదకొండు నెలల వయసులో, ఎవరెస్టు శిఖరం మీద నిలబడింది. ఆ అమ్మాయి మన తెలుగు పిల్ల అని ఎంతగా పొంగిపోయామో! గట్టు మీది తాడిచెట్టు ఎక్కేవాడిని చూసి ఒక్కసారైనా అలా పొంగామా?

లెక్క వేసి చూడండి. యాభై అడుగుల చెట్లు పది పెట్టుకున్నవాడు పొద్దునా సాయంత్రమూ ఎక్కితే రోజుకు వెయ్యి అడుగులు. ఎవరెస్టు 29,032 అడుగులు. నెల తిరిగేసరికి అంత ఎత్తూ ఎక్కేసి, మళ్ళీ మొదటి చెట్టు దగ్గరికి వస్తాడు.

ఎక్కడం సగం పనే. అసలు పని మొవ్వ దగ్గర. పోతుతాడి గెలలను రెండు కర్రల మధ్య పెట్టి రోజూ కాస్త కాస్త నొక్కుతారు, దగ్గరికి చేర్చి కట్టి కొస కోస్తారు. ఇక అక్కడి నుంచి పూటపూటా సన్నటి పొర తీయాలి. ఆ పొర మందం తమలపాకంత. అంతకు మించితే గెల త్వరగా అయిపోతుంది, మరీ పలచనైతే కోత మూసుకుపోయి ధార ఆగుతుంది. అందుకే కత్తికి అంత మర్యాద. చెక్క మీద మెత్తటి రాతిపొడి చల్లి నూరి, వెంట్రుక తెగేదాకా వదలరు. కింద కట్టిన లొట్టిలో చుక్కచుక్కా చేరే ఆ నీరే నీరా, తియ్యగా ఉంటుంది. ఎండ ఎక్కే కొద్దీ పులిసి కల్లవుతుంది. లొట్టి లోపల సున్నం పూస్తే పులవదు, అది కాస్తే తాటిబెల్లం. కల్లంటే మొహం తిప్పుకునేవాళ్ళు కూడా ఆ బెల్లాన్ని మందుగా కొనుక్కుంటారు. రెండూ ఒకే కత్తి పని. మన జిల్లాల వైపే ఉన్న వెంకటరామన్నగూడెం ఉద్యాన విశ్వవిద్యాలయానికి చెందిన పందిరిమామిడి పరిశోధన స్థానంలో తాడి మీదా, నీరా మీదా శాస్త్రవేత్తలు పనిచేస్తున్నారు. నీరా నిలవ చేయడం ఎంత బాగా తెలిసినా, దాన్ని దింపాలంటే ఒక మనిషి ఎక్కాల్సిందే.

బాబాయ్ పడింది ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడూ కాదు. మొవ్వ కిందికి చేరాక మట్టలు అడ్డం వస్తాయి, మోకు ఇక పైకి పోదు. దాన్ని విడిచి మట్టల మీద కాలు మోపాలి. ఆ కాసేపు ఒంటికి ఏ తాడూ ఉండదు. ఎండుమట్ట చేతిలో ఊడి వచ్చింది. అంతే.

ఆ తరువాత జరిగింది ఇంకా బాధ. పరుగెత్తుకొచ్చినవాళ్ళు ప్రేమకొద్దీ ఒకరు చంకల కిందా ఒకరు కాళ్ళూ పట్టి లేపి ఆటోలో కూర్చోబెట్టారు. ఇది చదివేవాళ్ళు దయచేసి గుర్తుపెట్టుకోండి. ఎత్తు నుంచి పడినవాడి వెన్నుపూస విరిగి ఉండొచ్చు. నడుము వంగితే విరిగిన ఎముక వెన్నుపామును నొక్కుతుంది, నడవగలిగేవాడికి కూడా జీవితాంతం పడకే గతి కావచ్చు. మెడా నడుమూ కదలనివ్వకూడదు. 108కి ఫోన్ చేసి ఆగాలి. ఆగే వీలు లేకపోతే తలుపు చెక్క తెచ్చి, నలుగురూ ఒక్కసారిగా ఎత్తి, దాని మీద వెన్ను వంగకుండా పడుకోబెట్టి తీసుకెళ్ళాలి. కాళ్ళు పడిపోయినవాడి ఇంట్లో ఆ తరువాత గడియారమే యజమాని. రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, లేకపోతే ఒత్తిడి పుళ్ళు పడతాయి. రాత్రి రెండింటికీ నాలుగింటికీ లేచి తిప్పేది పిన్ని. సినిమా తీయాలంటే ఆవిడ మీద కూడా తీయాలి.

ఆ మట్టల దగ్గరి ఖాళీని పూడ్చే దారి ఇప్పుడు ఉంది. 2024 జులై 14న తెలంగాణ ప్రభుత్వం ‘కాటమయ్య రక్షణ కవచం’ పేరుతో గీత కార్మికులకు కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. కాటమయ్య గౌడుల ఇలవేల్పు. కొండలెక్కేవాళ్ళు వాడే తరహా నడుం పట్టీ, తాళ్ళు, కొక్కేలు అందులో ఉంటాయి. కాలు జారినా మనిషి తాడుకు వేలాడతాడు తప్ప నేల మీద పడడు. మన గోదావరి గట్ల మీద ఎక్కే ప్రతి నడుముకూ అలాంటి పట్టీ చేరాలి, వాడటం ఓపిగ్గా నేర్పాలి. పడ్డాక ఇచ్చే పరిహారం కంటే ముందు ఇవ్వాల్సింది అదే.

నేను ఫోను జేబులో పెట్టుకుంటుండగా పక్కవీధి కుర్రాడొకడు కొత్త సీజనుకని తన మోకు తెచ్చి మంచం మీద పెట్టాడు. బాబాయ్ మాట్లాడటం ఆపి దాన్ని ఒళ్ళోకి తీసుకున్నాడు. కళ్ళు మూసుకుని, బొటనవేలితో పేట వెంట పేట తడుముతూ పోయాడు. మానును చుట్టే చోటికి వచ్చాక వేలు ఆగింది. వెనక్కి వెళ్ళి మళ్ళీ అక్కడే ఆగింది.

“ఇక్కడ నలిగింది. రేపు చెట్టెక్కమాక. రెండ్రోజులు ఇక్కడ వదిలెయ్, పేట మార్చి ఇస్తాను” అన్నాడు.

“కల్లు పోద్ది కదా పెదనాన్నా” అన్నాడు కుర్రాడు.

“పోనీ రా” అన్నాడు బాబాయ్. మోకు తిరిగి ఇవ్వలేదు.