నల్లజాబితా ఎవరి మాట?

ఆమధ్య తిరుపతిలో నా పూర్వ విద్యార్థిని ఒకామె కలిసింది. కంప్యూటర్ల భద్రత చూసే కంపెనీలో పని. సైబర్ మోసాలపై తెలుగులో ఒక కరపత్రం తయారుచేస్తూ, ‘బ్లాక్ లిస్ట్’, ‘వైట్ లిస్ట్’ అనే వాటికి తెలుగు మాటలు అడిగింది. ఆలోచించకుండానే ‘నల్లజాబితా’, ‘తెల్లజాబితా’ అని రాసిచ్చాను. ఆమె కాగితం చూసి, “మా తాతోళ్ల నాయన పేరు గూడా ఒక జాబితాలో ఉన్నింది సార్. పొద్దు గూకితే స్టేషన్‌కు పోయి హాజరు చెప్పుకోవాల్నంట” అంది. ఆమెది ఎరుకల కుటుంబం.

తెలుగు ఎం.ఏ. చదివిన నేను ఆ మాటకు జవాబు చెప్పలేకపోయాను. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. క్రిమినల్ ట్రైబ్స్ చట్టం మద్రాసు రాజధానికి వచ్చిందీ ఆ ఏడాదే. చేసిన పనిని కాక, పుట్టిన ఇంటిని చూసి మనిషిని జాబితాకెక్కించిన చట్టమది. మద్రాసు రాష్ట్రంలో 1947లో, దేశమంతటా 1952లో రద్దయింది. చట్టం పోయింది గాని, అది నేర్పిన భాష పోలేదు. ఆ చట్టం కింద ఎరుకలను ఉంచిన స్టూవర్టుపురాన్ని మనం దొంగతనానికి మారుపేరు చేశాం. 1991 ఒక్క ఏడాదిలోనే ఆ ఊరి పేరు తగిలించుకుని రెండు తెలుగు సినిమాలు వచ్చాయి.

బ్రిటన్‌లోని నేషనల్ సైబర్ సెక్యూరిటీ సెంటర్ 2020లో ‘బ్లాక్ లిస్ట్’, ‘వైట్ లిస్ట్’ మాటలను వదిలేసింది. నిరాకరించే జాబితా, అనుమతించే జాబితా అనే అర్థం వచ్చే మాటలు తీసుకుంది. మాట మారిస్తే బతుకు మారుతుందా అని మనవాళ్లే కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మాట ఒక్కటే మారితే చాలదు. విముక్త జాతులను పుట్టు నేరస్తులుగా చూసే జైలు నిబంధనలు రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు చెప్పడానికి 2024 అక్టోబరు దాకా పట్టింది. కాగితం మీద రద్దయిన జాబితా అధికారుల బుర్రల్లో అన్నాళ్లు బతికింది.

అయినా మాటను విడిచిపెట్టలేం. కంప్యూటర్లోని ఆ జాబితా చేసే పని అడ్డుకోవడం. దానికి రంగు లేదు. ‘నల్లజాబితా’ అర్థం కావాలంటే నలుపు చెడ్డదని చదువరి ముందే ఒప్పుకోవాలి. ‘అడ్డుకునే జాబితా’ అంటే పలమనేరులో ఫోను పట్టుకున్న ముసలవ్వకు కూడా తెలుస్తుంది. ప్రజలకు అర్థం కావడం, ప్రజలను అవమానించకపోవడం ఇక్కడ ఒకే పని అయ్యాయి. వ్యావహారిక భాషోద్యమ వారసులం మనం. ఈ సంగతి మనకు ఒకరు చెప్పవలసి రావడమే విచారకరం.

ఆ కరపత్రంలోనే ‘నిపుణుడిని సంప్రదించండి’ అని మరో వాక్యం ఉంది. దాన్ని తయారుచేస్తున్న నిపుణురాలు నా ఎదుటే కూర్చుని ఉంది. ‘నిపుణులను’ అని దిద్దాం.

ఇంగ్లీషు ఈ మాటలను వాడి, నొప్పించి, ఇప్పుడు దిద్దుకుంటున్నది. సైబర్ భద్రతకు తెలుగు పరిభాష ఇంకా తయారవుతున్న దశలోనే ఉంది. అనువాదకులు, రచయితలు ఇప్పుడే మేలుకోకపోతే, పాత పోలీసు రిజిస్టరు భాషనే కొత్త యంత్రాల్లోకి ఎక్కించినవాళ్లమవుతాం.