జెల్ పొరను చదవడం: మిశ్రమ మాధ్యమ చిత్రాలపై ఒక విమర్శ

గత పాఠంలో కొలాజ్ గురించి చదివారు. 1912లో పికాసో కుర్చీ అల్లిక అచ్చువేసిన నూనెగుడ్డ ముక్కను తన చిత్రంలో అతికించాడు. అదే ఏడాది బ్రాక్ కాగితపు ముక్కలను అతికించి బొమ్మలు చేశాడు. ఆ చిత్రాల గురించి రాసినవారు గుడ్డ గురించి, కాగితం గురించి ఎంతో చర్చించారు గాని, వాటిని అంటించిన జిగురు గురించి పెద్దగా మాట్లాడలేదు. మాట్లాడవలసిన అవసరం కూడా లేదు. ఆ జిగురు కాగితం వెనుక ఉంటుంది, కంటికి కనిపించదు. జెల్ మీడియం వచ్చాక పరిస్థితి మారింది. ఇక్కడ జిగురు కాగితం వెనుకా ఉంటుంది, ముందూ ఉంటుంది. చూసేవారు దాని గుండానే చిత్రాన్ని చూస్తారు. అందువల్ల మిశ్రమ మాధ్యమ చిత్రాన్ని విమర్శించేటప్పుడు ఆ పారదర్శకమైన పొర అక్కడ ఏం పని చేస్తోందో మీరు చెప్పగలగాలి. విద్యార్థులు రాసే సమాధానాల్లో ఎక్కువగా లోపించేది ఇదే. ‘టెక్స్చర్ బాగుంది’ అని రాసి ముగిస్తారు. అది వర్ణన కూడా కాదు.

ముందుగా పదార్థం సంగతి చూద్దాం. అక్రిలిక్ రంగులో ముఖ్యమైనవి రెండు: రంగునిచ్చే పొడి, ఆ పొడిని పట్టి ఉంచే పాలిమర్. పాలిమర్ సూక్ష్మమైన కణాలుగా నీటిలో తేలుతూ ఉంటుంది. రంగుపొడి కలపకుండా దీన్ని చిక్కబరిస్తే జెల్ మీడియం అవుతుంది. అంటే జెల్ రంగు లేని రంగు. తడిగా ఉన్నప్పుడు పాలలా తెల్లగా ఉంటుంది. నీరు ఆవిరైపోయే కొద్దీ కణాలు ఒకదానితో ఒకటి కలిసి పారదర్శకమైన పొరగా మారతాయి. బంధకం అనే భావన మనకు కొత్త కాదు. చేర్యాల నకాశీ చిత్రకారులు గుడ్డకు చింతగింజల అంబలి, సుద్దమట్టి, జిగురునీళ్లు కలిపి పట్టించడం మీకు తెలిసే ఉంటుంది. అయితే ఆ జిగురు రంగు కింద అణిగి ఉంటుంది. జెల్‌కు మందం ఉంది, మెరుపు ఉంది, కత్తితో తీర్చితే నిలబడే గుణం ఉంది.

చరిత్రను క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. న్యూయార్క్‌లో లియొనార్డ్ బొకూర్, ఆయన మేనల్లుడు శామ్ గోల్డెన్ కలిసి 1940ల చివర్లో మాగ్నా అనే అక్రిలిక్ రంగును తయారు చేశారు. అది నీటితో కాక టర్పెంటైన్ వంటి ద్రావకంతో పలచబడే రంగు. మోరిస్ లూయిస్ దాన్ని కాన్వాసు మీద ధారలుగా పోసి వాడాడు. నీటితో కలిసే అక్రిలిక్‌లు 1950లలో బజారుకు వచ్చాయి. ఉద్యోగ విరమణ చేసిన శామ్ గోల్డెన్ 1980లో న్యూయార్క్ రాష్ట్రంలోని న్యూ బెర్లిన్‌లో, ఒక పాత పశువుల కొట్టంలో కుటుంబంతో కలిసి మళ్లీ రంగుల తయారీ మొదలుపెట్టాడు. చిత్రకారులు అడిగిన గుణాలతో మీడియంలు చేసి ఇవ్వడం ఆ సంస్థకు మొదటినుంచీ ఉన్న అలవాటు. జెల్‌లలో పలచనివి, చిక్కనివి, గట్టిగా నిలబడేవి, తమంతట తామే చదునయ్యేవి అని ఇన్ని రకాలు ఉండడానికి అలాంటి అవసరాలే కారణం.

ఇక జెల్‌తో బొమ్మను బదిలీ చేసే పద్ధతికి వద్దాం. మీ ప్రయోగశాల రికార్డులో ఎక్కువమంది ఎంచుకునేది ఇదే. పద్ధతి సులువు. లేజర్ ప్రింటు గాని జిరాక్సు గాని తీసుకోవాలి. వాటి మీది టోనర్ ప్లాస్టిక్ పొడి కనుక నీటికి కరగదు. ఇంక్‌జెట్ ప్రింటు అయితే సిరా చెమ్మకు చెదిరిపోవచ్చు. ఉపరితలం మీద జెల్ రాసి, ప్రింటును బోర్లా పరచి, గాలి బుడగలు లేకుండా నొక్కి, పూర్తిగా ఆరనివ్వాలి. తర్వాత కాగితం వెనుకభాగాన్ని తడిపి వేలితో మెల్లగా రుద్దితే కాగితం పొరలు పొరలుగా లేచిపోయి, బొమ్మ జెల్‌లో మిగులుతుంది.

ఇందులో విమర్శకుడికి అందరికంటే ముందు కనిపించవలసిన విషయం ఒకటుంది. ఫోటోలోని నలుపు టోనర్‌ది. తెలుపు మాత్రం కాగితానిది. కాగితం పోగానే తెలుపు కూడా పోతుంది. ఫోటోలో తెల్లగా ఉన్న చోటల్లా అడుగున ఉన్నది బయటపడుతుంది. తాతగారి తెల్ల పంచెను ఎర్రని నేల మీదికి బదిలీ చేస్తే పంచె ఎర్రబడుతుంది. పాత చిట్టా పుస్తకం కాగితం మీదికి బదిలీ చేస్తే అప్పుల లెక్కలు పంచె గుండా నడుస్తాయి. అంటే అడుగు పొరను ఎంచుకోవడం ఆ ఫోటోకు వెలుగును ఎంచుకోవడమే. ఒక చిత్రంలో ఈ ఎంపిక ఆలోచించి చేసిందా, చేతికి అందిన కాగితం వాడేసిందా అన్నది చూడగానే తెలిసిపోతుంది. మంచి చెడ్డల నిర్ణయం చాలావరకు ఇక్కడే జరుగుతుంది.

దీన్ని రౌషెన్‌బర్గ్ పనితో పోల్చి చూడండి. 1958 నుంచి 1960 వరకు ఆయన దాంతే రాసిన ‘ఇన్ఫెర్నో’లోని 34 సర్గలకు 34 చిత్రాలు చేశాడు. అవి ఇప్పుడు న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో ఉన్నాయి. పత్రికల్లోని బొమ్మలను ద్రావకంతో తడిపి, కాగితం మీద బోర్లించి, వెనుకనుంచి మొనతో గీకి సిరాను దింపాడు. అందువల్ల ప్రతి బొమ్మా అడ్డదిడ్డమైన గీతల్లో, సగం కనిపించీ కనిపించకుండా ఉంటుంది. నరకంలో నీడలుగా తిరిగే మనుషులకు ఆ అసంపూర్ణత తగినట్టుగా ఉంది. గీసిన చేయి కూడా అందులో కనిపిస్తుంది. జెల్ బదిలీలో ఆ గీతలు ఉండవు. బొమ్మ మొత్తం సమానంగా దిగుతుంది, చేయి మాయమవుతుంది. కాబట్టి రౌషెన్‌బర్గ్ సాధించిన దాన్ని జెల్‌తో సాధించాలనుకోవడం వృథా ప్రయాస. జెల్ ఇచ్చేది వేరే: ఒకదాని గుండా ఒకటి కనిపించే లోతు.

ఇక్కడ ఒక బలహీనత గురించి కొంచెం కఠినంగానే చెప్పాలి. కాగితం పీచు పూర్తిగా పోకపోతే బొమ్మ మీద తెల్లని మసక మిగులుతుంది. తడిగా ఉన్నంతసేపు అది కనిపించదు, ఆరాక తేలుతుంది. చాలామంది ఈ మసకను అలాగే వదిలి, దానికి ‘జ్ఞాపకం’ అనో ‘గతం’ అనో పేరు పెడతారు. అది పద్ధతి ఉచితంగా ఇచ్చిన పాతదనం. చిత్రకారుడు సంపాదించింది కాదు. మసక ఫలానా చోట ఉండి, మరో చోట లేకపోవడానికి చిత్రంలోనే కారణం కనిపిస్తే దాన్ని ఒప్పుకోవచ్చు.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. శ్రీశైలం ప్రాజెక్టు కింద మునిగిన ఊరి కుటుంబానికి చెందిన ఇద్దరు విద్యార్థులు ఒకే ఫోటోతో చిత్రాలు చేశారనుకోండి. మొదటి వ్యక్తి ఫోటోను బోర్డుకు అంటించి, చదునయ్యే జెల్‌ను మందంగా పోశాడు. ఇల్లు నీళ్లలో ఉన్నట్టే కనిపిస్తుంది. చూసినవారు అబ్బురపడతారు. కాని చూసేవారికి మునక ముందే తెలుసు. జెల్ ఆ తెలిసిన సంగతినే మళ్లీ చెప్పింది, అదీ అందంగా మెరుస్తూ చెప్పింది. కోల్పోయిన ఇల్లు అద్దాల అలమారాలో పెట్టిన వస్తువులా తయారైంది. రెండో వ్యక్తి ఫోటోను నష్టపరిహారం కాగితం జిరాక్సు మీదికి బదిలీ చేశాడు. ఇంటి తెల్లగోడల గుండా అంకెలు కనిపిస్తాయి. గోడ ఎక్కడుందో అంకె అక్కడే ఉంది. నాకు రెండో చిత్రమే మేలైనదిగా తోస్తుంది. మొదటిదానిలో ఎక్కువ నైపుణ్యం ఉండవచ్చు, ఖర్చు కూడా ఎక్కువే. అయినా జెల్ ఆలోచించింది రెండోదానిలోనే.

ఒక చిన్న సంగతి: బదిలీలో బొమ్మ ఎడమ కుడి తారుమారవుతుంది. ఫోటోలో బోర్డు మీద ఊరి పేరు ఉంటే తెలుగు అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడతాయి. ముందే తిప్పి ప్రింటు తీస్తే సరిపోతుంది. తిరగబడిన అక్షరాలను కావాలని ఉంచారో, మరిచిపోయి ఉంచారో చిత్రం మిగతా భాగాన్ని బట్టి నిర్ణయించండి.

అన్ని చిత్రాల్లోనూ జెల్ దేన్నో పట్టి ఉంచడానికే వాడతారని అనుకోవద్దు. జూల్స్ ఒలిట్‌స్కీ 1980ల చివర్లో చేసిన చిత్రాల్లో జెల్ తానే శరీరం. గోడలకు రంగు వేసేవారు వాడే బొచ్చు చేతితొడుగుతో చిక్కని జెల్ రంగును కాన్వాసు మీద గట్లు గట్లుగా లేపాడు. చూసే కోణాన్ని బట్టి రంగు మారే పొడులు అందులో కలిపాడు. నూనె రంగును అంత మందంగా వేస్తే పైన తోలు కట్టి ముడతలు పడుతుంది, లోపల ఏళ్ల తరబడి ఆరదు. కొన్ని చిత్రాల్లో వెలుగు గట్టు మీద పడి, మనం ఒక అడుగు జరిగితే తానూ జరుగుతుంది. అవి నిజంగా గొప్పవి. మరికొన్ని కేకు మీది క్రీమును గుర్తుకు తెస్తాయి. క్లెమెంట్ గ్రీన్‌బర్గ్ వంటి విమర్శకుడు ఒలిట్‌స్కీని ఎంతో ఎత్తున నిలబెట్టాడు. ఆ మాటను ఆయన పేరు చూసి అంగీకరించవలసిన పని లేదు. ఈ చిత్రాలను ఫోటోల్లో చూసి తీర్పు చెప్పడమూ కుదరదు. ఈ పుస్తకంలోని నలుపు తెలుపు ముద్రణలో అయితే మరీ కష్టం. గట్టు, మెరుపు రెండూ అచ్చులో చచ్చిపోతాయి.

మన్నిక కూడా విమర్శలో భాగమే. జెల్‌లోని నీరు కాన్వాసు, చెక్కబోర్డుల నుంచి కరిగే మలినాలను పైకి లాగుతుంది. పొర పారదర్శకం కనుక ఆ పసుపు దాగదు. మందపు పొర వేసేముందు అడుగును తగిన మీడియంతో మూసి ఆరనివ్వాలి. వార్తాపత్రిక ముక్కకు జెల్ పూస్తే అది ఇక పసుపెక్కదని కొందరు నమ్ముతారు. కాగితంలోని ఆమ్లగుణం కాగితంలోనే ఉంటుంది, పసుపెక్కడం ఆగదు. అక్రిలిక్ పొర వేడికి మెత్తబడుతుంది కూడా. మే నెలలో రేకుల గదిలో పనులను ఒకదానిపై ఒకటి పేర్చితే ఉదయానికి అవి ఒకే పని అయిపోతాయి. రికార్డును అధ్యయన కేంద్రానికి పంపేటప్పుడు చుట్టి పంపకండి. చదునుగా ఉంచి, పనుల ముఖాలు ఒకదానికొకటి తగలకుండా అమర్చండి.

జెల్ ఖరీదు కదా, ఫెవికాల్ వాడవచ్చా అని ఎందరో అడుగుతారు. కాగితం అంటించడానికి వాడవచ్చు. బదిలీకి మాత్రం అది నమ్మదగినది కాదు. ఆరిన తెల్ల జిగురు మళ్లీ నీటికి మెత్తబడుతుంది. మీరు కాగితాన్ని తడిపి రుద్దుతున్నప్పుడు బొమ్మ కూడా కాగితంతోపాటే లేచి వస్తుంది. గట్లుగా తీర్చినా నిలవకుండా జారుతుంది. డబ్బు ఆదా చేయాలంటే జెల్‌నే తక్కువగా వాడండి. పోస్టుకార్డంత ముక్క మీద నేర్చుకున్నది నాలుగడుగుల బోర్డు మీద నేర్చుకున్నదానికి తీసిపోదు.

అభ్యాసం: మీ ఇంట్లోని ఒక పాత ఫోటోకు మూడు జిరాక్సులు తీయించండి. ఒకదాన్ని తెల్లటి అట్ట మీదికి, ఒకదాన్ని మీరే రంగు వేసిన అట్ట మీదికి, మరొకదాన్ని రాత ఉన్న కాగితం అంటించిన అట్ట మీదికి బదిలీ చేయండి. మూడూ ఆరాక పక్కపక్కన పెట్టి, ఫోటోలో ఇంతకుముందు తెల్లగా ఉన్న భాగాలు మూడింటిలోనూ ఏమయ్యాయో ఒక పుటకు మించకుండా రాయండి. ‘టెక్స్చర్’ అనే మాట వాడకండి.