గోరంత గండి

సెప్టెంబరు ముసురు. కైకలూరు అవతల చేపల చెరువు గట్టు మీద మా బాబాయి జీపు క్లచ్ పెడల్ కిందికి దిగి మళ్ళీ పైకి రాలేదు. బొటనవేలితో ఎత్తితే వచ్చింది, తొక్కితే చప్పగా దిగిపోయింది. ఇంజను ఆడుతోంది గానీ గేరు పడదు. నల్లరేగడి గట్టు, ఇటు చెరువు, అటు బోదె. డ్రైవరు కుర్రాడు కంగారు పడలేదు. ఇంజను ఆపాడు. నాలుగు చక్రాలూ లాగేట్టు చిన్న లివరు లో-గేరులోకి వేసి, మొదటి గేరు పెట్టి సెల్ఫ్ కొట్టాడు. బండి మొండి ఎద్దులా ఒక్క కుదుపు కుదిపి కదిలింది. తారురోడ్డు ఎక్కాక మామూలు గేర్లలోకి మార్చుకుని, ఇంజను చప్పుడు చెవితో కొలుచుకుంటూ, క్లచ్ లేకుండానే గుడివాడ, కంకిపాడు మీదుగా బెజవాడ ఆటోనగర్ దాకా తెచ్చాడు. అదీ పనితనమే. కానీ ఈ వ్యాసం ఆ తర్వాత చూసిన పనితనం గురించి.

బందరు రోడ్డుకీ హైవేకీ మధ్య ఉన్న జవహర్ ఆటోనగర్ 1960లలో మొదలైంది. ఆసియాలోకెల్లా పెద్దదని బెజవాడ వాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. ఒక వీధి నిండా కమాను కట్టలు, ఇంకో వీధిలో రేడియేటర్లు, మరో చోట లారీ బాడీలు కట్టేవాళ్ళు, సీట్లు కుట్టేవాళ్ళు, వరసగా లేత్ మిషన్లు. మేము వెళ్ళిన షెడ్డుకి బోర్డు లేదు. మేస్త్రి గారికి అరవై దాటి ఉంటాయి. పేరు అడిగితే, "మేస్త్రి అంటే పలుకుతాను కదండీ" అన్నారు.

బానెట్ ఎత్తకముందే ఒక ప్రశ్న వేశారు. "క్లచ్ ప్లేటు ఎప్పుడు మార్పించారు?"

"జూన్‌లోనండీ" అన్నాడు బాబాయి.

"ఆ తర్వాత కింది సిలిండర్లో బకెట్ వేయించారా?"

బాబాయి నా వైపు చూశాడు. ఆ మాట మేము ఆయనకి చెప్పలేదు. "ఆగస్టులో వేయించామండీ. ఇరవై రోజులు బాగానే ఉంది."

"అంతే ఉంటుంది" అని పానాల డబ్బా దగ్గరికి లాక్కున్నారు.

ఆయనకి ముందే ఎలా తెలిసిందో అర్థం కావాలంటే ఈ క్లచ్ ఎలా పని చేస్తుందో కొంచెం చూడాలి. పాత జీపుల్లో పెడల్‌కీ క్లచ్‌కీ మధ్య కడ్డీలు, లింకులు, తీగలు ఉండేవి. గతుకుల్లో ఇంజను ఒక వైపు, బాడీ ఒక వైపు ఊగుతుంటే అవి పట్టేసేవి, అరిగేవి. వాటి స్థానంలో ఆయిలు వచ్చింది. పెడల్ తొక్కితే పైన ఉన్న మాస్టర్ సిలిండర్లో పిస్టన్ ఆయిల్ని నెడుతుంది. ఆ ఆయిలు సన్నటి పైపులోంచి గేర్‌బాక్స్ పక్కనున్న స్లేవ్ సిలిండర్లోకి వెళ్ళి అక్కడి పిస్టన్‌ని నెడుతుంది. ఆ పిస్టన్ ఫోర్కుని తోస్తే ప్లేటు వదులుతుంది. రబ్బరు పైపు ఎటు వంగినా ఆయిలుకి పట్టింపు లేదు. మూసి ఉన్న ద్రవాన్ని ఒక చోట నొక్కితే ఆ ఒత్తిడి అన్ని వైపులకీ సమానంగా పాకుతుందని పాస్కల్ చెప్పాడు. ఆ మాట ఉన్న పుస్తకం ఆయన పోయిన మరుసటి ఏడాది, 1663లో అచ్చయింది. మన గట్ల మీద జీపుకి ఆధారం ఆ సూత్రమే.

ఈ బండి లెక్క మేస్త్రి గారు సుద్దముక్కతో షెడ్డు గోడ మీద వేసి చూపించారు. పై సిలిండరు అడ్డకొలత అంగుళంలో ఐదు బై ఎనిమిది, కిందిది ముప్పావు అంగుళం. పెడల్ లివరు వల్ల కాలి బలం ఆరు రెట్లవుతుంది. పది కిలోల బరువుతో తొక్కితే మాస్టర్ పిస్టన్ మీద అరవై, స్లేవ్ పిస్టన్ దగ్గరికి వచ్చేసరికి దాదాపు ఎనభై ఆరు. బలం పెరిగిన కొద్దీ దూరం తగ్గాలి కదా. పెడల్ పదిహేను సెంటీమీటర్లు దిగితే పై పిస్టన్ ఇరవై ఐదు మిల్లీమీటర్లు, కింది పిస్టన్ పదిహేడు మిల్లీమీటర్లే కదులుతుంది. ఇంత తతంగంలో అటు నుంచి ఇటు కదిలే ఆయిలు ఎంతో తెలుసా? అయిదు మిల్లీలీటర్లు. దగ్గు మందు పోసుకునే చెంచాకి సరిగ్గా ఒక చెంచాడు.

ఆ చెంచాడులో తేడా వస్తే బండి ఆగిపోతుంది. తేడా ఎక్కడొచ్చిందన్నదే ప్రశ్న.

ఆయన మొదట చేసిన పని ఏమిటంటే, బాగున్న భాగాన్ని పక్కన పెట్టడం. కింది సిలిండరుకి వెళ్ళే పైపు ఊడదీసి, ఆయిలు నింపి, గాలి పోయాక పైపు చివర మూత బోల్టు బిగించి, డ్రైవర్ని పెడల్ తొక్కమన్నారు. రాయిలా ఉంది. పూర్తి బరువు వేసి నిమిషం సేపు తొక్కి పట్టినా వెంట్రుకవాసి దిగలేదు. "పైది బాగుంది. దాన్ని ముట్టుకోవద్దు" అన్నారు. చాలాచోట్ల ఇక్కడే రెండు సిలిండర్లకీ కలిపి బిల్లు రాసేస్తారు. బాగున్నదాన్ని విప్పడం కూడా చెడగొట్టడమేనని ఈయన లెక్క.

తర్వాత స్లేవ్ సిలిండరు విప్పారు. కుర్రాడు పాత న్యూస్ పేపరు పరిచాడు. విప్పిన ప్రతి ముక్కనీ విప్పిన వరసలోనే ఎడమ నుంచి కుడికి పేర్చారు. సిలిండరు మూతికి తొడిగే రబ్బరు తొడుగు ఒక పక్క చిరిగి ఉంది. దాన్ని లాగితే లోపలి నుంచి చెరువు మట్టి బూడిదరంగులో ఎండి రాలింది. పిస్టన్ బయటికొచ్చింది, దాని తలకి తొడిగిన రబ్బరు బకెట్ కూడా. చిన్న గిన్నెలా ఉంటుంది కాబట్టి బకెట్ అంటారు. ఆయిలు వైపు ఉండే దాని పెదవి పలచగా ఉంటుంది. ఒత్తిడి పెరిగిన కొద్దీ ఆ పెదవి విచ్చుకుని గోడకి ఇంకా గట్టిగా అతుక్కుంటుంది. మామూలుగా తొక్కినా లోపల చదరపు సెంటీమీటరుకి ముప్పై కిలోల ఒత్తిడి, అంటే కారు టైరులో గాలికి పదిహేను రెట్లు. అంతటినీ ఆపేది ఆ రబ్బరు పెదవే.

మేస్త్రి గారు బకెట్‌ని వేళ్ళ మధ్య తిప్పి ఒకచోట ఆగారు. పెదవి మీద చిన్న గాటు. నా చిటికెన వేలి గోరు అంచంత కూడా లేదు.

"ఇరవై రోజుల క్రితం వేసిన కొత్త బకెట్ ఇది. దీని తప్పు కాదు" అని సిలిండర్ని నా చేతికిచ్చి, లోపల టార్చి వేశారు. అడుగు వైపు గోడ అద్దంలా మెరుస్తోంది. బయటి మూతి వైపు, చివరి సెంటీమీటరు మేర, గోధుమరంగు మచ్చలు. వేలు పెట్టి చూడమన్నారు. గరుకు తగిలింది. తుప్పు తిన్న గుంటలు.

అప్పుడు ఆ మొదటి ప్రశ్నకి జవాబు చెప్పారు. క్లచ్ ప్లేటు అరిగిన కొద్దీ కింది పిస్టన్ సిలిండర్లో అడుగు వైపుకి జరుగుతుంది. ఏళ్ళ తరబడి బకెట్ ఆ లోపలి భాగంలోనే తిరిగింది, అక్కడే గోడ నున్నగా ఉంది. బయటి భాగంలోకి చిరిగిన తొడుగులోంచి గట్ల మీది బురదనీరు చేరింది. అక్కడ తుప్పు పట్టినా బకెట్ అటు వెళ్ళదు కాబట్టి ఎవరికీ తెలియలేదు. జూన్‌లో కొత్త ప్లేటు పడింది. ప్లేటు మందం పెరగ్గానే పిస్టన్ బయటికి జరిగింది. మెత్తటి రబ్బరు పెదవి రోజుకి వందసార్లు ఆ గుంటల మీద గీసుకుంది. మంచి ప్లేటు వేయడం వల్లే పాత సిలిండరు లోపం బయటపడింది. ఆగస్టులో వేసిన బకెట్ కూడా ఆ గోడ మీదే తిరిగింది, అలాగే తెగింది.

కాలవల మీద బతికే మనకి ఈ లెక్క కొత్తది కాదు. 1855లో పూర్తయిన కృష్ణ ఆనకట్టకి దాదాపు నూరేళ్ళ తర్వాత, 1952లో గండి పడింది. గండి పూడ్చి ఊరుకోలేదు. 1957 డిసెంబరుకి ప్రకాశం బ్యారేజీ లేచింది. గండి పూడ్చడం ఒక పని, గట్టు ఎందుకు తెగిందో చూసుకోవడం ఇంకో పని. ఆగస్టులో మా జీపుకి మొదటి పనే జరిగింది.

"కొత్త సిలిండరు వేసేద్దామా?" అని బాబాయి అడిగాడు.

"వేయొచ్చండీ. కానీ అదీ ఇనుమే. మీ బండి ఉండేదీ చెరువు గట్ల మీదే" అని సిలిండర్ని గుడ్డలో చుట్టి నాలుగు షెడ్ల అవతల లేత్ మిషన్ దగ్గరికి నడిచారు.

అక్కడ మరో పనితనం చూశాను. లేత్ ఆయన సిలిండర్ని చక్‌లో బిగించి, సూది గేజీ ఆనించి నిదానంగా తిప్పాడు. ముల్లు ఊగకుండా నిలబడేదాకా సుత్తితో చిన్న చిన్న తట్లు తట్టాడు. ఆ తర్వాతే కోత. తుప్పు మొత్తం పోయేదాకా లోపలి గోడని పెద్దది చేసి, దానికి బిగుతుగా సరిపోయే ఇత్తడి గొట్టాన్ని ప్రెస్ మీద దించాడు. ఆయిలు వచ్చే కంత, గాలి పోయే కంత మూసుకోలేదని సన్నటి తీగతో చూసుకున్నాడు. చివరికి ఇత్తడి లోపల మళ్ళీ కోసి ముప్పావు అంగుళానికి తెచ్చి, నూరే రాళ్ళతో అద్దంలా చేశాడు. ఇత్తడి ఇనుములా తుప్పు పట్టదు. ఇద్దరూ మాట్లాడుకున్నది మూడు ముక్కలు. కొలత ఒకరు చెప్పారు, మరొకరు తల ఊపారు, డబ్బు చేతులు మారింది.

షెడ్డుకి తిరిగొచ్చాక కుర్రాడు కడగడానికి డీజిలు డబ్బా తెచ్చాడు. మేస్త్రి గారు ఒక చూపు చూశారు. డబ్బా వెనక్కి వెళ్ళింది. డీజిలు, పెట్రోలు, గ్రీజు ఏది తగిలినా ఈ రబ్బరు ఉబ్బి పాడవుతుంది. బ్రేక్ ఆయిలుతోనే కడిగారు. అదీ అప్పుడే సీలు తీసిన సీసాలోది. మూత తీసి ఉంచిన సీసాలో ఆయిలు గాలిలోని తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 రకం ఆయిలు కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల దాకా మరగకూడదని, తేమ పట్టాక కూడా 155 దాకా తట్టుకోవాలని నియమం. ఆ తేడా అంతా నీటి వల్లే. అదే నీరు సిలిండర్ని లోపలి నుంచి కూడా తుప్పు పట్టిస్తుంది.

బకెట్ తొడిగే ముందు ఆయన తన కుడి బొటనవేలి గోరుని గరుకు కాగితం మీద రెండుసార్లు రుద్దుకున్నారు. ఎందుకో తర్వాత అర్థమైంది. ఆయిల్లో తడిపిన కొత్త బకెట్ పెదవిని సిలిండరు మూతిలోకి చుట్టూ ఆ గోరుతోనే నొక్కుతూ, పిస్టన్‌ని కొద్దికొద్దిగా తిప్పుతూ దించారు. అక్కడ స్క్రూడ్రైవర్ పెడితే పెదవి తెగుతుంది. మొరటు గోరైనా తెగుతుంది. లోపలికి జారేటప్పుడు చిన్న చప్పుడు, ముద్దు పెట్టినట్టు. దానికి ఆయన మొహం విప్పారింది.

ఇక గాలి తీయడం. అందరూ పై నుంచి తొక్కించి కింద గాలి పోయే నిపుల్ వదులుతారు. ఆయన ఉల్టా చేశారు. నిపుల్‌కి పారదర్శకంగా ఉండే గొట్టం తగిలించి, పెద్ద సిరంజితో కింది నుంచి ఆయిలు ఎక్కించారు. ఎందుకని అడిగితే, "నీరు పల్లమెరుగు అంటారు కదండీ. గాలి మిట్టెరుగు. అది వెళ్ళాలనుకునే దారినే పంపిస్తే సరి" అన్నారు. పైన ఆయిలు డబ్బాలో బుడగలు వచ్చాయి. పైపు మెలిక దగ్గర పానా పిడితో టిక్కుటిక్కుమని తట్టారు. అక్కడ దాక్కున్న ఒక్క పెద్ద బుడగ బుడుక్కుమంది. అయిదు మిల్లీలీటర్లు కదిలే చోట ఒక్క మిల్లీలీటరు గాలి మిగిలినా అయిదో వంతు కదలిక పోయినట్టే. గాలి నలిగి ఊరుకుంటుంది తప్ప పిస్టన్‌ని నెట్టదు.

గాలి పోయాక పెడల్‌కి కొనవేలితో తెలిసేంత వదులు ఉంచారు. ఆ వదులు లేకపోతే పై పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు, వేడికి ఉబ్బిన ఆయిలు డబ్బాలోకి తిరిగి పోలేదు, క్లచ్ తనంతట తానే జారుతుంది. అప్పుడు బండి స్టార్ట్ చేసి, పెడల్ తొక్కి, మూడు లెక్కపెట్టి రివర్సు గేరు వేశారు. చప్పుడు లేకుండా పడింది.

మేము లేచాం. ఆయన లేవలేదు. పెడల్ని కిందికి నొక్కి, సీటుకీ దానికీ మధ్య ఒక కర్ర ముక్క బిగించారు. కిందికి దూరి, రబ్బరు తొడుగు పక్కన, ఫోర్కుని తోసే కడ్డీ మీద సుద్దతో గీత గీశారు. "భోజనం చేసి రండి" అన్నారు. క్లచ్ స్ప్రింగు ఆ సేపంతా ఆయిల్ని వెనక్కి తోస్తూనే ఉంటుంది. ఎక్కడ ఏ పెదవి ఏమాత్రం వదిలినా గీత జరుగుతుంది. గంటన్నర తర్వాత వచ్చి నలుగురం వంగి చూశాం. గీత గీసిన చోటే ఉంది.

డబ్బు లెక్కపెట్టుకుంటూ ఆయన బాబాయికి కాక డ్రైవరుకి చెప్పారు. "తమ్ముడూ, బండి కడిగిన రోజు కింద ఆ రబ్బరు తొడుగు ఒకసారి చూసుకో. అది చిరిగితే రా. పెడల్ దిగేదాకా ఆగకు."

వారం తర్వాత నేను మళ్ళీ చెరువుల దగ్గరికి వెళ్ళాను. సాయంత్రం మేత బస్తాలు దించి జీపు గట్టు మీద ఆగింది. డ్రైవరు పంపు పెట్టి బురద కడిగాడు. తర్వాత ఖాళీ గోనె పరుచుకుని వెల్లకిలా పడుకుని, ఫోను లైటు వేసి, బండి కిందికి జరిగాడు. కాసేపు కాళ్ళు మాత్రమే కనిపించాయి.