గాయం, ఆత్మ, సంఘం: షెల్లీ రాంబో ట్రామా వేదాంతంపై ఒక విమర్శనాత్మక పరిశీలన

శుభ శుక్రవారం ఏడు మాటల ఆరాధన ముగిసిన వెంటనే ఈస్టర్ తెల్లవారుజాము ఆరాధనకు సిద్ధపడడం మన సంఘాలలో వాడుక. ఆ రెంటి మధ్యనున్న శనివారాన్ని గూర్చి ప్రసంగించేవారు అరుదు. బోస్టన్ విశ్వవిద్యాలయ వేదాంత ఆచార్యురాలు షెల్లీ రాంబో 2010లో వెలువరించిన ‘స్పిరిట్ అండ్ ట్రామా: ఎ థియాలజీ ఆఫ్ రిమైనింగ్’ అనే గ్రంథం ఆ శనివారాన్నే తన దైవశాస్త్రానికి కేంద్రంగా తీసుకొంది. సంఘకాపరులకు ఈ గ్రంథం ఎంతో అవసరం. అయితే దీని దగ్గరే ఆగిపోయే కాపరి, గాయపడిన విశ్వాసికి చేయవలసిన దానిలో సగమే చేస్తాడు.

పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్ (పి.టి.ఎస్.డి.) అనే పేరును అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1980లో తన రోగనిర్ధారణ గ్రంథంలో చేర్చింది. ప్రాణాపాయం, అత్యాచారం, హింస వంటివి ఎదుర్కొన్నవారిలో కొందరికి ఆ సంఘటన పీడకలగా, కళ్లెదుటి దృశ్యంగా మళ్లీ మళ్లీ వస్తుంది. దానిని గుర్తుచేసే చోట్లను, మాటలను వారు తప్పించుకొంటారు. నిద్ర పట్టదు, చిన్న శబ్దానికే ఉలికిపడతారు. ఇవి నెలకు మించి కొనసాగి దైనందిన జీవితాన్ని కుంటుపరచినప్పుడు వైద్యులు ఆ పేరు పెడతారు. గతం గతించిపోకపోవడమే ఈ వ్యాధి స్వభావం. 2005లో కత్రినా తుఫాను ముంచిన న్యూ ఆర్లియన్స్ ప్రజల అనుభవం ద్వారా రాంబో ఈ సంగతినే మన ముందుంచుతారు. నీరు తీసినా తుఫాను వారిని విడువలేదు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనను తలచుకొనే తీరప్రాంత సంఘాలకు ఇది కొత్త మాట కాదు.

స్విస్ కాథలిక్ వేదాంతి హన్స్ ఉర్స్ ఫాన్ బాల్తజార్, ఆయనతో కలిసి పనిచేసిన వైద్యురాలు అడ్రియెన్ ఫాన్ స్పెయర్ పరిశుద్ధ శనివారంపై చేసిన ధ్యానాలు రాంబో వాదానికి ఒక ఆధారం. యోహాను సువార్త రెండవది. కన్నీళ్ల మధ్య యేసును గుర్తుపట్టలేని మగ్దలేనే మరియను (20:14) మరణానికీ జీవానికీ నడుమ నిలిచిన సాక్షిగా ఆమె చదువుతారు. గ్రీకులోని ‘మెనో’ అనే క్రియ ఆమెకు కీలకం. మన తెలుగు బైబిలు దానిని 15వ అధ్యాయంలో ‘నిలిచియుండు’ అని, 21:22లో కేవలం ‘ఉండు’ అని అనువదించినందున ఆ సంబంధం తెలుగు పాఠకునికి కనబడదు. పరిశుద్ధాత్మ విజయంలో మాత్రమే గాక, ఏదీ తేటపడని ఆ నడిమి దినాన కూడా నిలిచియుంటాడన్నదే గ్రంథసారం.

ఈ బోధ మన అలవాటు ఒకదానిని ప్రశ్నిస్తుంది. ఆపద తప్పించుకొన్నవారిని మరుసటి ఆదివారమే నిలబెట్టి సాక్ష్యం చెప్పిస్తాం. చెప్పలేకపోతే అవిశ్వాసమంటాం. సంఘటన జరిగిన వెంటనే ఒకే విడతలో అంతా చెప్పించే పద్ధతిని అవలంబించవద్దని బ్రిటన్ ఆరోగ్య మార్గదర్శక సంస్థ నైస్ 2005లోనే సూచించింది. చికిత్సలోనూ బాధితుడు జరిగినది చెబుతాడు. అయితే శిక్షణ పొందినవారి యెదుట, భద్రత ఏర్పడిన తరువాత, తాను తట్టుకోగలిగినంత మేరకు చెబుతాడు.

గ్రంథంలో రెండు లోపాలున్నాయి. మొదటిది వ్యాఖ్యానానికి సంబంధించినది. 19:30లో యేసు ఆత్మను అప్పగించడాన్ని పరిశుద్ధాత్మ అప్పగింతగా చదివి, రాంబో ఆ వచనంపై చాలా బరువు మోపారు. అది మరణాన్ని తెలిపే మాట మాత్రమే కావచ్చు. శిష్యులపై ఊది ఆత్మను ఇవ్వడం 20:22లో వేరుగా ఉంది. అంతకంటె గట్టి ఆధారం 20:20, 27లో దొరుకుతుంది. తిరిగి లేచిన శరీరంలో గాయాలు మాసిపోలేదు. 2017 నాటి ‘రిసరెక్టింగ్ వూండ్స్’లో రాంబో తోమా వృత్తాంతాన్ని చేపట్టడం గమనార్హం.

రెండవ లోపం పరిచర్యకు సంబంధించినది. నిలిచియుండడాన్ని గూర్చి ఇంతగా చెప్పిన గ్రంథం చికిత్సను గూర్చి తక్కువ మాట్లాడుతుంది. ట్రామాపై కేంద్రీకరించిన కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీని, ఇ.ఎం.డి.ఆర్. చికిత్సను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో సిఫారసు చేసింది. సెర్ట్రలీన్ వంటి మందులు కూడా కొందరికి మేలు చేస్తాయి. ఇవి ఉండగా బాధితుని శనివారంలోనే కూర్చోబెట్టడం ప్రేమ కాదు.

బదరీవృక్షం క్రింద చావు కోరుకొన్న ఏలీయాకు దేవుడు మొదట నిద్రను, ఆహారాన్ని ఇచ్చాడు. ప్రశ్న హోరేబులో, ఆ తరువాతే వచ్చింది (1 రాజులు 19). కాపరి ఆ క్రమాన్నే పాటించాలి. ముందు భద్రత, విశ్రాంతి. సాక్ష్యానికి తొందర వద్దు. నెల గడిచినా నిద్ర రానివారిని తానే వెంటబెట్టుకొని వైద్యుని యొద్దకు తీసుకొని వెళ్లాలి. ప్రాణం తీసుకోవాలన్న తలంపు కనబడితే ఒక్క దినమైనా ఆగకూడదు.